గడప బయటి గ్లౌజులు

పోయిన ఎండాకాలం సెలవులకు మా మనవడు టెక్సాస్ నుంచి ఎర్రగడ్డకు వచ్చాడు. పదకొండేళ్లవాడు. సూట్‌కేసు తెరవగానే బట్టలకంటే ముందు తోలు గ్లౌజు ఒకటి బయటికి తీశాడు. ఎడమ చేతిది, ఒక్కటే. అరచేతి గుంటలో బంతి పెట్టి, పాత బెల్టుతో బిగించి కట్టి ఉంది. తిన్నగా తీసుకుపోయి తన దిండు పక్కన పెట్టుకున్నాడు. మా ఇంటావిడ చూసి, "తోలుది కదా, చెప్పుల దగ్గర పెడతా" అని చెయ్యి చాపింది. నేను వద్దన్నాను. మా అమ్మతో 1968లో నెగ్గలేకపోయిన వాదన అది. ఈసారి నెగ్గాను.

వాడిది బేస్‌బాల్ గ్లౌజు. నేను బేస్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. కానీ ఆ 1968 నుంచి ఇరవై ఏళ్లు హైదరాబాద్ లీగు మ్యాచ్‌లలో వికెట్ కీపింగ్ చేశాను. వాడున్న ఆరు వారాలూ తాతా మనవళ్లం గ్లౌజుల గురించే మాట్లాడుకున్నాం. వాడు అడిగితే నేను చెప్పినవీ, వాడు చెప్తే నేను తెలుసుకున్నవీ అంకెలు వేసి రాస్తున్నాను. అంకెలు గుర్తు కోసమే, ఒకటోది గొప్పదని కాదు.

1. మొదటి గ్లౌజులు మనకంటే ముందున్నవాళ్లవి

మా క్లబ్బుకంతా ఒకటే కిట్ బ్యాగు. ఆకుపచ్చ కాన్వాసుది. జిప్పు చెడిపోతే పురికొసతో మూతి కట్టేవాళ్లం. అందులో మూడు బ్యాట్లు, రెండు జతల ప్యాడ్లు, రెండు జతల బ్యాటింగ్ గ్లౌజులు, ఒక జత కీపింగ్ గ్లౌజులు. పదకొండు మందికీ అదే ఆస్తి. నాకు ముందు కీపింగ్ చేసిన అన్న తపాలా శాఖలో ఉద్యోగి. ఆయనకు వరంగల్ బదిలీ అయింది. వెళ్లే ముందటి ఆదివారం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో, కెప్టెన్ టాసుకు నడుస్తుండగా, గ్లౌజులు నా ఒళ్లో పడేసి "ఇగ నువ్వే" అన్నాడు. నాకప్పుడు పదహారేళ్లు.

చెయ్యి పెట్టి చూస్తే లోపల ఆయన వేళ్లే ఉన్నాయి. ప్రతి వేలి తొడుగూ ఆయన వేలు వంగే చోటే వంగింది. కుడి ఉంగరం వేలి దగ్గర తోలు ఉబ్బి ఉంది. ఆ వేలు ఒకసారి విరిగితే టేపు చుట్టుకుని రెండు సీజన్లు ఆడాడాయన. ఆ టేపు మందం తోలులో మిగిలిపోయింది. నా వేళ్లు సన్నం. కొసల్లో గుడ్డముక్కలు కుక్కుకుని మొదటి ఏడాది గడిపాను. రెండో ఏటికి ఆ ఉబ్బు అణిగింది. మూడో ఏడు ఒక కొత్త కుర్రాడు ఊరికే తొడుక్కుని చూసి, "అన్నా, ఇవి నీ చేతుల లెక్కనే ఉన్నయి" అన్నాడు. ఆ రాత్రి వరంగల్‌కు ఒక కార్డు ముక్క రాశాను.

మనవడి గ్లౌజు మీద వాడి పేరు నల్ల సిరాతో రాసి ఉంది. వాడి జట్టులో ప్రతి పిల్లవాడికీ సొంత గ్లౌజు ఉందట, ఒకరిది ఒకరు తొడుక్కోరట. నాకది వింతగానే తోచింది. నాది కాని జత మీద నాకు అంత మమకారం ఎందుకు పెరిగిందని ఒకప్పుడు ఆలోచించేవాణ్ని. నాది కాదు కాబట్టే పెరిగిందనిపిస్తుంది. తిరిగి ఒకరి చేతిలో పెట్టాల్సిన వస్తువును మనిషి వేరే తీరుగా చూసుకుంటాడు.

2. తోలు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిసి ఉండాలి

మా నాన్న సనత్‌నగర్ ఆల్విన్‌లో ఫిట్టరు. అప్పట్లో ఎర్రగడ్డ అంటే ఊరి బయట. ఛాతీ ఆసుపత్రి, మానసిక ఆసుపత్రి, చెట్లు, ఖాళీ జాగాలు. మాది రెండు గదుల పెంకుటిల్లు. అందులో ఒక మూల దేవుడి గూడు. కిట్ బ్యాగు ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్లో ఉండేది, మ్యాచ్ లేనప్పుడు కీపింగ్ గ్లౌజులు మాత్రం ఎప్పుడూ కీపర్ దగ్గరే. మా అమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది. "తోలువి ఇంట్లకు తేకురా." గ్లౌజులు గడప బయట, చెప్పుల పక్కన, ఒక చెక్క మీద పడుకునేవి.

ఆ ఆషాఢంలో ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే గ్లౌజులు నీళ్లు పీల్చి బరువెక్కి ఉన్నాయి. ఎండలో పెడితే తోలు బిర్రబిగుసుకుపోయి పగులుతుందని తెలుసు. నీడన పెడదామంటే ముసురు. క్లబ్బుకు ఏం చెప్పాలో తోచలేదు, అన్నం తినకుండా బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి చెక్క మీద గ్లౌజులు లేవు. వంటింట్లో, పొయ్యి వెనక గోడ గూట్లో, మెల్లగా వేడి తగిలేచోట, పాత చీర ముక్క పరిచి దాని మీద పెట్టి ఉన్నాయి. వేళ్లలో కాగితాలు కుక్కి ఉన్నాయి, ముడుచుకుపోకుండా. అమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. తర్వాత ఇరవై ఏళ్లూ గ్లౌజుల చోటు ఆ గూడే.

ఆ జత మణికట్టు పట్టీ మీద జలంధర్ అని అచ్చు ఉండేది. దేశ విభజనకు ముందు మన దేశంలో ఆట సామాన్లకు పేరుపడ్డ ఊరు సియాల్‌కోట్. 1947లో అది పాకిస్థాన్‌లోకి పోయింది. అక్కడ బ్యాట్లు చెక్కినవాళ్లు, బంతులు కుట్టినవాళ్లు చాలామంది సరిహద్దు దాటి జలంధర్‌లో, మీరట్‌లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు టీవీలో ఎస్‌జీ అని కనబడే కంపెనీ కూడా 1931లో సియాల్‌కోట్‌లో పుట్టి మీరట్ చేరిందే. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లకు చేతిలో పని మిగిలింది. ఆ పనిలో ఒక జత ఎర్రగడ్డ దాకా వచ్చింది.

తోలు మైల అనే మాటను మా ఇళ్లలో తరాలుగా అన్నారు. తోలు ఊనినవాళ్లనూ కుట్టినవాళ్లనూ దూరం పెట్టిన మాట అది. తప్పు మాట. మా అమ్మ ఆ సంగతి నోటితో ఎప్పుడూ ఒప్పుకోలేదు. గూడు ఇచ్చి ఒప్పుకుంది.

3. దెబ్బ తగిలిందని చెప్పడానికి సిగ్గుపడొద్దు

బేస్‌బాల్ మొదట్లో అందరూ వట్టి చేతులతోనే ఆడేవారు. అరచేతులు వాచేవి, వేళ్లు విరిగేవి, అయినా చేతికి ఏదైనా తొడుక్కుంటే పిరికివాడని నవ్వేవారు. 1875లో చార్లెస్ వెయిట్ అనే ఆటగాడు సన్నటి తోలు గ్లౌజుతో మైదానంలోకి వచ్చాడు. అది ఒంటి రంగులో ఉండేది. దూరం నుంచి చూసేవాళ్లకు కనబడకూడదని అతని ఆశ. ఆల్బర్ట్ స్పాల్డింగ్ అనే పేరుమోసిన బౌలరు దగ్గరికెళ్లి అడిగితే, ఆ రంగు ఎందుకు ఎంచుకున్నాడో సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడట. 1877లో స్పాల్డింగ్ తానే ఒక గ్లౌజు తొడిగాడు. నల్లది, అందరికీ కనబడేది. అప్పటికే ఆయనకు ఆట సామాన్ల దుకాణం ఉంది. అంత పెద్ద ఆటగాడే తొడిగాక సిగ్గు ఎవరికి? తర్వాత గ్లౌజులూ బాగా అమ్ముడుపోయాయి.

అదే 1877లో మెల్‌బోర్న్‌లో మొట్టమొదటి టెస్టు మ్యాచ్ జరిగింది. ఆస్ట్రేలియా కీపర్ జాక్ బ్లాకమ్ ఫాస్ట్ బౌలర్లకు కూడా వికెట్లకు ఆనుకుని నిలబడేవాడు. అతని చేతుల మీద ఉన్నవి తోటపని గ్లౌజులకంటే మందమైనవి కావని చెబుతారు.

ఆ వెయిట్ కథ మనవడు సంబరంగా చెబుతుంటే నేను నా ఎడమ చిటికెన వేలు చూసుకున్నాను. 1974లో మ్యాటు అంచుకు తగిలిన బంతి ఒకటి లేచి ఆ వేలి కొసకు కొట్టింది. వేలు వంకర పోయింది. చెబితే తర్వాతి ఆదివారం ఇంకొకరు తొడుక్కుంటారు. అందుకని చెప్పలేదు. గ్లౌజు లోపల దాచిపెట్టి నాలుగు మ్యాచ్‌లు ఆడాను, ఆ నాలుగింటిలో మూడు క్యాచ్‌లు జారవిడిచాను. నా దాపరికానికి జట్టు మూల్యం కట్టింది. వేలు ఈనాటికీ తిన్నగా రాదు, అన్నం కలిపేటప్పుడు అడ్డం పడుతుంది. "నొప్పి ఉంటే కోచ్‌కు చెప్పు, ఆ రోజు ఆడకు" అని వాడి దగ్గర మాట తీసుకున్నాను. ఇన్ని పాఠాల్లో నేను గట్టిగా పట్టుబట్టింది ఇదొక్కటే.

4. బంతిని పట్టేది తోలు కాదు

బేస్‌బాల్ బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. మన బంతే బరువు. అయినా మన ఆటలో ఒక్క కీపర్‌కే గ్లౌజులు, మిగతా పదిమందివీ వట్టి చేతులు. వాళ్ల ఆటలో తొమ్మిదిమందికీ ఉంటాయి. మనవడికి ఇది నమ్మశక్యం కాలేదు. "మరి స్లిప్‌లో ఉన్న అంకుల్‌కి నొప్పి పుట్టదా తాతా?" అన్నాడు.

పుడుతుంది, చెయ్యి ఎదురెళ్తే. మా కెప్టెన్ ఒకే మాట చెప్పేవాడు: "హాత్ నరమ్ రఖ్నా మియా." చేతులు మెత్తగా ఉంచు. బంతి వచ్చేదాకా ఆగి, తగిలే క్షణంలో దానితోపాటు చేతుల్ని ఒంటివైపు తెచ్చుకోవాలి. పసిబిడ్డను ఒకరి చేతుల్లోంచి అందుకునేటప్పుడు మనకు తెలియకుండానే చేతులు కాస్త కిందికి దిగుతాయి చూడండి, అట్లా. వేళ్లు బంతికేసి చూడకూడదు. నేలకేసో, పక్కకో, ఆకాశానికేసో చూడాలి. వేళ్లు ఎదురుగా ఉంటే ఎంత మందం తోలున్నా విరుగుతాయి. గ్లౌజు తప్పును కొంత కప్పుతుందంతే.

నాకు ఆదర్శం పోచయ్య కృష్ణమూర్తి. మన హైదరాబాద్ కీపర్, 1947లో ఇక్కడే పుట్టాడు. 1971లో వెస్టిండీస్ వెళ్లిన వాడేకర్ జట్టులో హైదరాబాద్ వాళ్లు అయిదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, జయంతిలాల్, గోవింద్‌రాజ్, కృష్ణమూర్తి. అయిదు టెస్టులకూ కీపర్ కృష్ణమూర్తే. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ ముగ్గురి స్పిన్నుకూ వికెట్ల వెనక నిలబడ్డాడు. వెస్టిండీస్ మీద భారత్ మొదటి గెలుపు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో అప్పుడే వచ్చింది, సిరీసూ మనదే అయింది. ఆ సిరీస్ మొత్తానికి కృష్ణమూర్తి లెక్క ఏడు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. ఆ ఎండాకాలం ఇంగ్లండ్‌లో ఫరూఖ్ ఇంజనీర్ తిరిగి వచ్చాడు, తర్వాత కిర్మాణీ వచ్చాడు. కృష్ణమూర్తికి ఆరో టెస్టు రాలేదు. 1999లో కన్నుమూశాడు. రోజంతా వంగి లేచి, బంతిని చప్పుడు లేకుండా అందుకున్నవాడి పని స్కోరు పుస్తకంలో ఎక్కడ రాస్తారు? బైలు రాలేదన్న ఖాళీలో చదువుకోవాలి దాన్ని. ఆయన గురించి మన ఊళ్లో ఇంకా చెప్పుకోవాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

5. ఏ ఆట న్యాయం ఆ ఆటది

మనవడి గ్లౌజులో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు తాళ్లతో అల్లిన వల ఉంది. బంతి పోయి అందులో కూర్చుంటుంది. 1920 ప్రాంతంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ బౌలర్ బిల్ డోక్ రాలింగ్స్ కంపెనీకి ఆ ఆలోచన ఇచ్చాడు. అప్పటిదాకా గ్లౌజు అంటే చేతికి మెత్త. అప్పటినుంచి బంతిని పట్టే బుట్ట అయింది.

మన ఆటలో ఆ బుట్ట కుదరదు. కీపర్ గ్లౌజుల కోసం క్రికెట్ చట్టాల్లో 27వ నిబంధన ఉంది. వేళ్ల మధ్య తోలు ఉండకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మాత్రం ఊతం కోసం ఒకే ముక్క ఉండవచ్చు. అదీ సాగనిది, రెండు వేళ్ల కొసలను కలిపే గీత దాటి పైకి రానిది. బొటనవేలు పూర్తిగా చాపితే బిగుతుగా నిలవాలి, సంచిలా వేలాడకూడదు. మనవడు తన గ్లౌజును ఎత్తిపట్టి వేళ్ల కొసల మధ్య స్కేలు పెట్టి కొలిచి, "నాది ఔట్ తాతా" అన్నాడు.

6. కొత్త గ్లౌజుకు తొందర పనికిరాదు

ఇది మా ఇద్దరికీ సమానంగా తెలిసిన విద్య. అందుకే దీని మీద ఎక్కువ గొడవపడ్డాం.

1979లో మా క్లబ్బు చందాలు వేసుకుని కొత్త కీపింగ్ గ్లౌజులు కొన్నది. పాతవాటి అరచేతి రబ్బరు బొడిపెలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. అప్పటికే రెండుసార్లు టేబుల్ టెన్నిస్ బ్యాటు రబ్బరు కత్తిరించి, సైకిల్ ట్యూబు సొల్యూషన్‌తో అంటించి నెట్టుకొచ్చాం. కొత్త జత వచ్చిందని అందరికీ పండగ, నాకు తప్ప. అట్టముక్కల్లా ఉన్నాయవి. బంతి తగిలితే ఎగిరి పోయేది. రెండు నెలలు వాటిని మ్యాచ్‌కు తీసుకుపోలేదు. పొద్దున్నే ఇంటి వెనక గోడకు బంతి విసిరి వంద పట్టేవాణ్ని. సాయంత్రం తొడుక్కునే పేపరు చదివేవాణ్ని. పేజీ తిప్పడం రాక చిరిగేది, మా నాన్న విసుక్కునేవాడు. లోపలి ఇన్నర్లు తడిపి, పిండి, తొడుక్కుంటే తోలు చెమ్మకు లొంగుతుంది, వేలికి వేలు దారి ఇస్తుంది. వెనకవైపు తోలుకు నూనె చుక్క రాయవచ్చు. రబ్బరుకు మాత్రం నూనె తగలకూడదు, ఉబ్బి ఊడిపోతుంది. ఒక పెద్దమనిషి సలహా విని ఆముదం దట్టించిన కీపర్ నాకు తెలుసు. నెల తిరక్కుండా ఆ గ్లౌజులు తడిసిన బొంతల్లా బరువెక్కాయి.

మనవడి పద్ధతి వేరు. పలచగా నూనె రాసి, అరచేతి గుంటలో బంతి పెట్టి, మూసి, బెల్టు బిగించి పరుపు కింద పెట్టుకుని పడుకుంటాడు. పొద్దున లేచి కుడి పిడికిలితో గుంటలో టపటపా కొడతాడు. అమెరికాలో వాళ్ల తాతల తరం నుంచీ పిల్లలు ఇదే చేస్తున్నారట. పరుపు కింద పెడితే ముడత తప్పు చోట పడుతుందని నేను, పడదని వాడు. చివరికి మొదటిరోజు పెట్టినట్టే దిండు పక్కన పెట్టేలా రాజీ కుదిరింది. దుకాణంలో ముందే మెత్తబరిచిన గ్లౌజులు కూడా అమ్ముతారని వాడే చెప్పాడు. కొనుక్కోలేదేమని అడిగితే, "అది వేరేవాళ్ల చేయి తాతా" అన్నాడు. వేరేవాళ్ల చేతిలో చెయ్యి పెట్టే నేను మొదలయ్యాను. వాడి మాట మీద చాలాసేపు ఆలోచించాను. వాడూ తప్పు చెప్పలేదు.

7. నూటెనిమిది

బేస్‌బాల్ బంతి మీది ఎర్ర కుట్లు జంటగా లెక్కిస్తే సరిగ్గా 108. మనవడు వేలు పెట్టి లెక్కబెట్టి చూపించాడు. మా ఇంటావిడ పూజకు పూలు సర్దుతూ విని, "అష్టోత్తరమా!" అని బంతిని చేతిలోకి తీసుకుంది. మరుసటిరోజు గ్లౌజును ఆమే తుడిచి దిండు పక్కన పెట్టింది.

8. విప్పి పెట్టేచోటు కూడా ఆటలో భాగమే

పాత రోజుల్లో బేస్‌బాల్ ఫీల్డర్లు తమ బ్యాటింగ్ వంతు రాగానే గ్లౌజుల్ని మైదానంలోనే, నిలబడ్డచోట గడ్డి మీద వదిలేసి వెళ్లేవారు. ఎదుటి జట్టు ఆటగాళ్లు వాటి పక్కనే నిలబడి ఆడేవారు. 1954 నుంచి అలా వదలకూడదని నిబంధన వచ్చింది. నాకు ఆ పాత అలవాటే నచ్చింది. ఎవరూ తొక్కరు, ఎవరూ తీసుకుపోరు అన్న నమ్మకం మీద నడిచిన అలవాటు.

పరేడ్ గ్రౌండ్స్‌లో ఆదివారం పక్కపక్కనే ఎన్నో మ్యాచ్‌లు జరిగేవి. ఒకరి డీప్ ఫైన్‌లెగ్ ఇంకొకరి మిడాన్ దగ్గర నిలబడేవాడు. ఒకసారి పక్క పిచ్ మీది కీపర్ గ్లౌజు బొటనవేలు కుట్టు విడిపోయింది. మేం బ్యాటింగ్‌లో ఉన్నాం, నా జత చెట్టు కింద ఉంది. అడగకుండానే వచ్చి తొడుక్కుపోయాడు. రెండు గంటల తర్వాత తెచ్చి, ఇన్నర్లు ఉతికి ఆరేసి మరీ ఇచ్చాడు. అతని పేరు ఇప్పటికీ నాకు తెలియదు.

9. గ్లౌజులు విప్పినా చేతులు మర్చిపోవు

ఆబిద్ అలీ సాబ్ మొదట కీపరే, తర్వాత బౌలర్ అయ్యాడు. 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో గెలుపు పరుగులు కొట్టిందీ ఆయనే. కానీ మేం హైదరాబాద్ కుర్రాళ్లం ఆయన బౌలింగ్‌కంటే చేతులనే చెప్పుకునేవాళ్లం. బ్యాటుకు దగ్గరగా నిలబడి వట్టి చేతులతో పట్టిన ఆ క్యాచ్‌లు కీపర్‌గా నేర్చిన చేతులవని నా గట్టి నమ్మకం. తర్వాత ఆయన కాలిఫోర్నియా వెళ్లి స్థిరపడ్డాడు. స్టాన్‌ఫర్డ్ దగ్గర పిల్లలకు క్రికెట్ నేర్పాడు. 2025 మార్చి 12న కాలిఫోర్నియాలోనే పోయాడు. పిల్లలు బేస్‌బాల్ గ్లౌజుతో పెరిగే నేల మీద వాళ్లకు మెత్తటి చేతులు నేర్పిన హైదరాబాదీ ఆయన.

విశాఖపట్నం కుర్రాడు కోన శ్రీకర్ భరత్ సంగతి కూడా చెప్పాలి. 2021 నవంబరు, న్యూజిలాండ్ మీద కాన్పూర్ టెస్టు. కీపర్ సాహాకు మెడ పట్టేసింది. తుది జట్టులో లేని భరత్ సబ్‌స్టిట్యూట్‌గా గ్లౌజులు తొడుక్కుని వచ్చి, కింద కిందనే వచ్చే బంతులకు యంగ్, టేలర్ క్యాచ్‌లు పట్టాడు, లేథమ్‌ను స్టంపౌట్ చేశాడు. సబ్‌స్టిట్యూట్ కాబట్టి ఆ మ్యాచ్ అతని టెస్టుల లెక్కలోకి రాలేదు. అతని తొలి టెస్టు 2023 ఫిబ్రవరి దాకా ఆగింది. ఎన్నాళ్లుగా ఇన్నర్లు తడిపి సిద్ధంగా కూర్చుని ఉంటే ఆ రోజు చేతులు అట్లా కదిలాయి!

10. ఆడుకోవాల్సిన వయసులో ఆడుకోవాలి

ఇది రాయడం కష్టంగా ఉంది. నా కొడుకు చిన్నప్పుడు ఆదివారాలన్నీ నేను పరేడ్ గ్రౌండ్స్‌లో ఉన్నాను. వాణ్ని ఒక్కసారి కూడా వెంట తీసుకుపోలేదు. ఎండ అన్నాను, చదువు అన్నాను. వాడు చదువుకున్నాడు. 1998లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సు చేశాడు, వీసా వచ్చింది, వెళ్లిపోయాడు. బంతి పట్టడం వాడు నేర్చుకున్నది నలభై దాటాక, వాడి కొడుకు దగ్గర. సాయంత్రాలు ఇంటి వెనక గడ్డిలో తండ్రీ కొడుకులు ఎదురెదురుగా నిలబడి బంతి విసురుకుంటారు. అక్కడి ఇళ్లలో అది అలవాటట, ఆటకంటే మాటలకే ఎక్కువ పనికొస్తుందట. బంతి పోతూ వస్తూ ఉంటే, ఎదురుగా కూర్చుని అడగలేని సంగతులు కూడా బయటికి వస్తాయని నా కొడుకే చెప్పాడు.

2024 జూన్‌లో మేం టెక్సాస్ వెళ్లినప్పుడు గ్రాండ్ ప్రెయిరీ స్టేడియానికి తీసుకుపోయాడు. 2008లో బేస్‌బాల్ కోసం కట్టి, 2023లో క్రికెట్‌కు మార్చిన మైదానం అది. ఆ నెల 6న అమెరికా జట్టు పాకిస్థాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. ఎటు చూసినా తెలుగే వినిపించింది. మనవడు తన గ్లౌజు తొడుక్కునే కూర్చున్నాడు, సిక్సరు వస్తే పడతానని. నా కొడుకు మా ఇద్దరి మధ్య కూర్చుని, కీపర్ ఎందుకట్లా ముందుకొచ్చాడు, ఎందుకు వెనక్కి పోయాడు అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నలభై ఏళ్లకిందటే అడగాల్సిన ప్రశ్నలు, నేనే అడగనివ్వలేదు.

పోయిన ఎండాకాలం చివరి వారం కొడుకు కూడా ఎర్రగడ్డ వచ్చాడు. డాబా మీద ముగ్గురం ఆడుకున్నాం. ఉన్నది ఒకటే గ్లౌజు. బంతి ఎవరికి రావాలో వాళ్లు తొడుక్కోవడం, పట్టి, విప్పి, గ్లౌజూ బంతీ రెండూ పక్కవాళ్లకు అందించడం. ఆట నత్తనడక నడిచింది. మెట్రో రైళ్లు వస్తూ పోతూ ఉన్నాయి. చీకటి పడి బంతి కనబడకుండా పోయేదాకా ఎవరూ చాలనలేదు.

11. బీరువాలో పెట్టినది బూజు పడుతుంది

మా క్లబ్బు 1980ల చివర్లో చెదిరిపోయింది. కిట్ బ్యాగు పంచుకుంటే గ్లౌజులు నా వంతుకు వచ్చాయి. జ్ఞాపకమని గుడ్డలో చుట్టి ఇనప బీరువాలో పైన పెట్టాను. ఆరేళ్ల తర్వాత తీసి చూస్తే తెల్లగా బూజు, రబ్బరు పొడిపొడి, తోలు వంచితే పెళుసు. చేతుల్లో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి బతికినవి, భద్రంగా దాచితే ఆరేళ్లలో పోయాయి. ఆ జతను కాపాడలేకపోయాను. చెమటలో ఉప్పు తోలును తింటుందంటారు. కానీ వాడుతున్నవాడు తుడుస్తాడు, ఆరేస్తాడు, కుట్టు వదిలితే కుట్టిస్తాడు. బీరువాలో ఆ చూసేవాడు ఉండడు.

మనవడికి ఈ సంగతి చెప్పాను. వెళ్లే రోజు గ్లౌజు సూట్‌కేసులో పెట్టలేదు. వచ్చే ఏటికి తన చెయ్యి పెరుగుతుందట, పెద్దది కొనుక్కుంటాడట. "ఇక్కడ పిల్లలకు ఇవ్వు తాతా, బీరువాలో పెట్టొద్దు" అన్నాడు. మా కాలనీ పిల్లలు ఆదివారం టెన్నిస్ బంతితో ఆడతారు. వాళ్లకు ఇచ్చాను. స్లిప్ ప్రాక్టీసుకు ఒకడు, కట్టె బ్యాటుతో కొట్టే బంతులకు ఒకడు, వంతులు వేసుకున్నారు. నల్ల సిరా పేరు కింద ఇప్పుడు బాల్‌పెన్నుతో ఇంకో మూడు పేర్లు ఉన్నాయి.

పోయిన వారం వల దగ్గర తోలు తాడు తెగింది. పిల్లలు నా దగ్గరికి తెచ్చారు. రైతుబజారు దగ్గర మెట్రో స్తంభం నీడలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గ్లౌజును అటూ ఇటూ తిప్పి, లోపలికి చూసి, కుట్టును గోటితో గీకి, "ఇదేంది సార్, ఒక్కటే ఉన్నది. రెండోది ఏడ పడిపోయింది?" అన్నాడు. రెండో చెయ్యి విసరడానికని చెప్పాను. ఎడమ చెయ్యి అందులో పెట్టి, కుడి పిడికిలితో గుంటలో రెండుసార్లు కొట్టి చూశాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకు అట్లా కొట్టాలని.

మైనం పట్టించిన దారం దీనికి ఆగదన్నాడు. మెత్తటి తోలు పట్టీ సన్నగా కోసి అల్లాలి, అది తన దగ్గర లేదు, తెప్పించాలి. ఎప్పుడు రమ్మంటావని అడిగితే వేళ్ల మీద లెక్కబెట్టుకున్నాడు.

"శనివారం రా సార్. ఆదివారం పిల్లలు ఆడతరు కద."